డ్రిల్లు మాస్టారు మోకాలు వంచిన రోజు

రాళ్ళగుంట హైస్కూలు డ్రిల్లు మాస్టారు రామాంజి తొమ్మిదో తరగతి ఆడపిల్ల కాళ్ళు పట్టుకున్నాడని ఊరంతా గుప్పుమంది.

మాట పుట్టింది బడి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర. అక్కడ ఉన్నంతసేపూ అది చిన్న మాటే. పట్టుకున్నాడు, అంతే. మధ్యాహ్నం బస్సెక్కి ఈపూరు చేరేసరికి మాస్టారు ఏడ్చాడు కూడా. వినుకొండలో దిగేసరికి, క్షమించానని ఆ పిల్ల నోటితో అనేదాకా పైకి లేవనన్నాడు. మర్నాడు నాపరాళ్ళ లారీ డ్రైవరొకడు దాన్ని వెల్దుర్తి దాకా మోసుకుపోయాడు. అక్కడ మాస్టారి వెనకాల రెండు పార్టీల పెద్దమనుషులూ వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు వంగారు.

"ఆ పిల్లా, ఆ పిలగాడూ చెరో రెక్కా పట్టుకుని లేపితేగానీ లేవలా. నా కళ్ళతో చూశా" అని చెప్పేవాళ్ళకు లోటు లేదు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నిజంగానే చూశారు. కాకపోతే ఆలస్యంగా వచ్చి, కిటికీ బయట నిలబడి, చువ్వల మధ్య తలకాయలు ఇరికించి చూశారు. అప్పటికే లోపల అయిపోయిన మాటలు వాళ్ళు వినలేదు.

రామాంజిది నాదెండ్ల దగ్గర ఒక పల్లె. వయసులో ఉన్నప్పుడు కబడ్డీ ఆడేవాడు. నరసరావుపేటలో జరిగిన ఒక పోటీలో కూతకెళ్ళి అవతలివాళ్ళకు చిక్కాడు. వాళ్ళు ఆయన మీద పడ్డారు, ఆయన తన ఎడమ మోకాలి మీద పడ్డాడు. మీద పడింది ఎంతమంది అనేది ఆయన ఎప్పుడు చెబుతున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. పెళ్ళిచూపుల్లో ఇద్దరని చెప్పాడు. ఉద్యోగంలో చేరినప్పుడు నలుగురయ్యారు. ఇప్పుడు అవతలి జట్టు మొత్తం, వాళ్ళ కోచ్‌తో సహా. ఎంతమంది పడితేనేం, ఆ మోకాలు అప్పటినుంచి తన ఇష్టం వచ్చినప్పుడే వంగుతుంది, వంగితే మళ్ళీ తన ఇష్టం వచ్చినప్పుడే లేస్తుంది. అందుకని ఆయన నేలమీద కూర్చోడు. గుళ్ళో ప్రసాదం కూడా నిలబడే తింటాడు. బడిలో ఆయనకని ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. అది పొద్దున వేపచెట్టుకు పడమర వైపు, మధ్యాహ్నం తూర్పు వైపు, నీడతో పాటు తిరుగుతూ ఉంటుంది.

ఆ కుర్చీ పక్కన ఒక బెత్తం ఉండేది. మాస్టారు ఎక్కడుంటే అక్కడ ఉంటుంది కాబట్టి పిల్లలు దానికి 'తమ్ముడు' అని పేరు పెట్టారు. లెక్కల మాస్టారికి కోపం వచ్చినా, సైన్సు టీచరుకు విసుగొచ్చినా, "పో, రామాంజి మాస్టారి దగ్గరికి పో" అనేవాళ్ళు. పిల్లలు వెళ్ళేవాళ్ళు. తమ్ముడు లేచేవాడు. మాస్టారు కొట్టేది తక్కువ, గాలిలో ఊపేది ఎక్కువ. కానీ కొట్టిన రోజున మాత్రం బాగానే తగిలేది. కుడిచెయ్యి వాచి, అన్నం ముద్ద ఎడంచేత్తో తినలేక పిల్లలు ఇబ్బంది పడేవాళ్ళు.

ఇలా ఉండగా హెడ్మిస్ట్రెస్ మల్లీశ్వరి మేడం నరసరావుపేటలో ఏదో శిక్షణకు వెళ్ళి, ఒక సంచీ, ఒక పెన్నూ, ఒక కొత్త పద్ధతీ పట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే తమ్ముణ్ణి తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇకనుంచి కొట్టడం, తిట్టడం, గోడకుర్చీలు వేయించడం లేవండీ రామాంజి గారూ. గొడవపడిన పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టాలి. నాలుగే ప్రశ్నలు. ఏం జరిగింది, అప్పుడు నీకేమనిపించింది, దానివల్ల ఎవరికి బాధ కలిగింది, దాన్ని సరిచెయ్యాలంటే ఏం చెయ్యాలి."

"వాళ్ళు చెప్పకపోతేనండీ?"

"చెప్పేదాకా వినాలి."

"వినడం నా సబ్జెక్టు కాదండీ మేడం."

"ఇప్పటినుంచి మీదే."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే భార్య ప్రసన్న పొయ్యి మీద దోసె మాడిపోయేదాకా నవ్వింది. "వినడమా? మీరా? ఉల్లిపాయలు తెమ్మని పొద్దున్నుంచి మొత్తుకుంటన్నా. ఏయీ?"

ఉల్లిపాయలు లేవు.

మొదటి వారం చిన్న చిన్న తగాదాలు వచ్చాయి. పెన్ను పోయిందని ఒకటి, జడ లాగారని ఒకటి. రామాంజి నాలుగు ప్రశ్నలూ బట్టీ పట్టాడు. కానీ ఆయన గొంతు ఇరవై ఏళ్ళుగా గ్రౌండు ఈ చివరినుంచి ఆ చివరికి వినపడటానికి అలవాటుపడిన గొంతు. "ఏం జరిగింది!" అంటే వరండాలో పోతున్న పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ అటెన్షన్‌లో నిలబడేవాళ్ళు. "నీకేమనిపించింది!" అంటే ఆరో తరగతివాడికి ఏడుపు తప్ప ఇంకేమీ అనిపించేది కాదు. చేతిలో తమ్ముడు లేకపోవడంతో ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలిసేది కాదు. జేబులో పెట్టేవాడు, తీసేవాడు, తల వెనక పెట్టేవాడు. చివరికి మెళ్ళో ఉన్న విజిల్ పట్టుకుని నిలబడటం అలవాటు చేసుకున్నాడు.

అప్పుడు జరిగింది రాగిజావ గొడవ.

సుష్మిత తొమ్మిదో తరగతిలో అందరికంటే పొడుగు పిల్ల. తండ్రి గురవయ్య నాపరాళ్ళ క్వారీలో పనిచేస్తాడు. నిరుడు మండలం పరుగు పందెంలో రాళ్ళగుంటకు కప్పు తెచ్చింది ఆ పిల్లే. ఈ ఏడు మాత్రం జూన్‌నుంచి గ్రౌండు వైపే రావడం లేదు. రమ్మంటే కడుపునొప్పి అంటుంది, తలనొప్పి అంటుంది. కప్పు వచ్చేసరికి తలకు పొగరెక్కిందని రామాంజి తీర్మానించాడు. అందరి ముందూ రెండుసార్లు అన్నాడు కూడా.

పవన్ అదే తరగతి. పొట్టివాడు, నోరు పెద్దది. వాడి తాత పెదకోటయ్య మాజీ సర్పంచి. మనవణ్ణి కాన్వెంటుకు పంపే స్తోమత ఉన్నా, ఎన్నికలప్పుడు "నా మనవడూ మన ఊరి బళ్ళోనే చదువుతాడు, వాళ్ళిచ్చిన బట్టలే కడతాడు, వాళ్ళిచ్చిన బూట్లే ఏస్తాడు" అని మైకులో అన్నాడు. ఎన్నికల్లో ఓడిపోయాడు. మైకులో అన్నమాట మాత్రం మిగిలిపోయింది.

ఆ పొద్దున రాగిజావ పంచే వంతు సుష్మితది. బకెట్టు పట్టుకుని వరసగా పోసుకుంటూ వచ్చి, పవన్ దగ్గర ఆగింది. గ్లాసులో పొయ్యలేదు. బకెట్టు ఎత్తి వాడి నెత్తిమీద బోర్లించింది. చల్లారిన జావే గానీ చిక్కటి జావ. అది వాడి కొత్త క్రాఫు మీంచి, చెవుల మీంచి, చొక్కా కాలర్లోకి నిదానంగా జారుతుంటే తరగతి మొత్తం గ్లాసులు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఒకడు మాత్రం "నాకు జావ లేదు సార్" అని అరిచాడు.

మధ్యాహ్నానికల్లా పెదకోటయ్య బడికి వచ్చాడు. "ఏంది మేడం ఇది? పెదకోటయ్య మనవడి నెత్తిన జావా? ఆ పిల్లకి టీసీ ఇచ్చి పంపిచ్చండి. లేకపోతే నేను పైకి పోతా."

సాయంత్రం గురవయ్య వచ్చాడు. ఒళ్ళంతా రాతిపొడి, తలకు తువ్వాలు. ఆయన అరవలేదు. రామాంజి కుర్చీ ముందు నిలబడి, "టీసీ ఇచ్చెయ్యండి సార్. పెద్దోళ్ళతో మనకెందుకు. మిరపకాయలకి పోద్ది. వాళ్ళమ్మకి తోడుంటది" అన్నాడు.

రామాంజికి అప్పుడు భయమేసింది. పెదకోటయ్య అడిగితే కాదనవచ్చు. కన్నతండ్రే అడిగితే ఏం చెయ్యాలి? మిరపచేలోకి అడుగుపెట్టిన ఆడపిల్లలు తిరిగి తరగతిలోకి రావడం ఆయన తన సర్వీసులో చూడలేదు. పైగా ఆ పిల్ల పరుగెత్తితే ఎలా ఉంటుందో ఆయన కళ్ళలో ఇంకా ఉంది.

"తొందరపడబాక గురవయ్యా. రేపు పదింటికి రా. వాళ్ళనీ రమ్మంటా. ఇంటికొక పెద్ద మనిషి వస్తే చాలు. కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. పెదకోటయ్యకూ అదే కబురు పంపాడు.

ఇరవై ఏళ్ళుగా పల్నాడులో పనిచేస్తున్న మనిషి చెయ్యకూడని తప్పు ఇది. ఇక్కడ రెండు వైపులనూ ఒకే రోజు, ఒకే గంటకు, పెద్దలతో సహా రమ్మన్నారంటే అది రాజీ పంచాయితీ. గట్టు తగాదా అయినా, తలకాయలు పగిలిన తగాదా అయినా, కూర్చునే తీరు ఒకటే. ఎవరి మనుషులతో వాళ్ళు వస్తారు. ఒక్కడే వెళ్ళినవాడి మాట ఎవరూ వినరు. పెదకోటయ్య ఆ రాత్రే ట్రాక్టర్‌కు డీజిల్ కొట్టించాడు.

పెదకోటయ్య ట్రాక్టర్ కడుతున్నాడని తెలిసి అవతలి పార్టీ నాసరయ్య కూడా ట్రాక్టర్ కట్టాడు. గురవయ్య ఎవరో నాసరయ్యకు సరిగ్గా తెలియదు. పెదకోటయ్యకు ఎదుటివైపు ఎవరున్నా వాళ్ళు తనవాళ్ళే అనేది మాత్రం తెలుసు.

పదింటికి రెండు ట్రాక్టర్ల జనం బడి ఆవరణలో దిగారు. టెంట్ హౌస్‌వాడు కుర్చీలు దించాడు. చెప్పకుండానే మైకు కూడా తెచ్చాడు. టీ కొట్టువాడు క్యాన్ భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. మల్లీశ్వరి మేడం ఆఫీసు గడపలో నిలబడి రామాంజి వైపు చూసింది.

"గుండ్రంగా కూర్చోబెట్టమన్నాను గానీ, సభ పెట్టమన్నానా?"

"నేను ఇంటికొకర్నే రమ్మన్నానండీ. వీళ్ళంతా ఒక ఇల్లేనంట."

మేడం చేతులు జోడించి, మైకును వెనక్కి పంపి, ఆరుగురినే తొమ్మిదో తరగతి గదిలోకి రానిచ్చింది. ఇద్దరు పిల్లలు, గురవయ్య, పెదకోటయ్య, నాసరయ్య, డ్రిల్లు మాస్టారు. తనతో కలిపి ఏడుగురు. మిగతావాళ్ళు కిటికీలు పంచుకున్నారు. తూర్పు కిటికీ పెదకోటయ్య పార్టీ, పడమటి కిటికీ నాసరయ్య పార్టీ.

గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. పెదకోటయ్య వాటిని చూసి ఆగిపోయాడు.

"మాస్టారూ, ఇందులో పెద్ద కుర్చీ ఏది?"

"అన్నీ ఒకటేనండీ."

"ఒకటంటే ఎట్టా? మొదలేది, చివరేది?"

"గుండ్రానికి మొదలుండదు బాబాయ్."

పెదకోటయ్య నమ్మలేదు. కుర్చీల చుట్టూ నవగ్రహాలకు తిరిగినట్టు తిరిగాడు. ఆయన వెనకే నాసరయ్య కూడా తిరిగాడు, ఆయన ఎక్కడ కూర్చుంటాడో చూసి దానికి సరిగ్గా ఎదురు కూర్చుందామని. చివరికి పెదకోటయ్య ఫ్యాను కింద కుర్చీ మొదలని తేల్చుకుని కూర్చున్నాడు. కూర్చోగానే కరెంటు పోయింది. తూర్పు కిటికీలోంచి ఎవరో, "నాసరయ్యే తీయిచ్చాడు" అన్నారు.

"ఈ విజిల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు వినాలి" అని రామాంజి మెళ్ళోంచి తీసి పెదకోటయ్యకు ఇచ్చాడు. ఇవ్వకముందు చొక్కాకు తుడిచాడు.

పెదకోటయ్య విజిల్ పిడికిట్లో పెట్టుకుని చానాసేపు మాట్లాడాడు. తమ వంశం గురించి, ఈ బడికి తాను వేయించిన గేటు గురించి, జావ గురించి. అయిపోయాక కూడా విజిల్ వదల్లేదు. మేడం చెయ్యి చాచి అడిగితే అప్పుడు ఇచ్చాడు. నాసరయ్య దాన్ని అందుకుని, పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి ఊదాడు. బయట ఆటల పీరియడ్ అనుకుని ఆరో తరగతి పిల్లలు గ్రౌండులోకి పరుగెత్తారు. వాళ్ళను మళ్ళీ లోపలికి తోలేసరికి కొంతసేపు పట్టింది.

"మా పిల్ల తరఫున నేను చెప్పేదేందంటే..." అని నాసరయ్య మొదలుపెట్టాడు.

"ఈయనెవరో నాకు తెలవదు సార్" అంది సుష్మిత.

పడమటి కిటికీ చప్పబడిపోయింది. నాసరయ్య విజిల్ ఆ పిల్ల చేతిలో పెట్టి ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏం జరిగింది?" అన్నాడు రామాంజి. ఆరోజు ఆయన గొంతు ఎందుకో పైకి లేవలేదు.

సుష్మిత తల వంచుకుని విజిల్ తాడును వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. రామాంజికి అలవాటు చొప్పున "చెప్పవేం!" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగాడు. పక్కన మేడం కదలకుండా కూర్చుని ఉంది. ఇంత నిశ్శబ్దంలో ఒక పిల్ల ముఖం ఇంతసేపు చూడటం ఆయనకు ఇదే మొదటిసారి.

"కావాలనే పోశా సార్" అంది చివరికి.

"విన్నారుగా!" అని పెదకోటయ్య లేచాడు.

"విజిల్ మీ దగ్గర లేదు బాబాయ్. కూర్చోండి" అన్నాడు రామాంజి. పెదకోటయ్య జీవితంలో ఆ మాట ఎవరూ ఆయనతో అనలేదు. ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాడు.

"నేను వరండాలోకి వచ్చినప్పుడల్లా 'ట్రాక్టరొస్తంది, తప్పుకోండ్రా' అని అరుస్తన్నాడు సార్. రోజూ. నా బూట్ల చప్పుడుకి. ప్రార్థనలో కూడా. ఆరోజు నేను జావ పోస్తా వస్తంటే బకెట్టు చూసి, 'ట్రాలీ కూడా తగిలిచ్చారు' అన్నాడు."

తూర్పు కిటికీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. పెదకోటయ్యే అటు తిరిగి చూసేసరికి ఆగిపోయాడు.

"బూట్లు చప్పుడెందుకు చేస్తాయమ్మా?" అంది మేడం.

"వదులు మేడం. ఎనిమిది నంబరు. ముందు గుడ్డపేలికలు కుక్కుకుని ఏస్తన్నా. అయినా ఊడిపోతయ్యి. పరిగెత్తితే అయి ముందు పోతయ్యి, నేను వెనక పోతా. బూట్లు లేకుండా గ్రౌండులోకి రావద్దని సార్ చెప్పారు గదా. అందుకే రావట్లా."

ఆ నిబంధన పెట్టింది రామాంజే. గ్రౌండు నిండా పల్లేరుకాయలు. పిల్లల కాళ్ళలో దిగుతున్నాయని పెట్టాడు.

"మరి ఎనిమిది ఎవరిచ్చారు నీకు?" అన్నాడు, తనకు తెలియకుండానే కొంచెం గట్టిగా.

సుష్మిత తలెత్తి ఆయన వైపు చూసింది. అప్పటికే రామాంజికి ఆ రోజు గుర్తుకొచ్చింది. ప్రభుత్వం ఇచ్చే కిట్టు కోసం పిల్లల పాదాలు కొలిచి సైజులు పంపమన్నారు. కొలవాలంటే ఒక్కొక్కరి ముందూ కింద కూర్చోవాలి. మోకాలు ఒప్పుకోదు. పైగా పెద్దపిల్లల కాళ్ళు ముట్టుకోవడం ఏం బాగుంటుందని ఆయనే అనుకున్నాడు. వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని, తరగతిని వరసలో నడిపించి, మనిషి ఎత్తు చూసి సైజు చెప్పేశాడు. పొట్టివాళ్ళకు చిన్నది, పొడుగువాళ్ళకు పెద్దది. గంటలో ముగించినందుకు మేడం మెచ్చుకుంది కూడా.

"ఇంట్లో చెప్పొచ్చుగదే?" అన్నాడు గురవయ్య. ఆయన చేతిలో విజిల్ లేదు గానీ ఎవరూ ఆపలేదు.

"చెప్తే బడి మానెయ్యమంటావని చెప్పలా" అంది సుష్మిత.

గురవయ్య తలమీది తువ్వాలు తీసి చేతిలో పెట్టుకున్నాడు. నిన్న తాను అడిగింది టీసీయేనని గదిలో అందరికీ తెలుసు. ఆయన కూతురికి కూడా తెలుసు.

తర్వాతి రెండు ప్రశ్నలు, నీకేమనిపించింది, దానివల్ల ఎవరికి బాధ కలిగింది, అడగాల్సిన అవసరం రాలేదు. రామాంజి కుర్చీలోంచి లేచాడు. బల్లమీద సుద్దముక్క తీసుకున్నాడు. "మేడం, స్కేలుందా?" అని, గుండ్రం మధ్యలోకి వెళ్ళి, ఎడమకాలు పక్కకు చాచి, కుర్చీ పట్టుకుని, మెల్లగా నేలమీదికి దిగాడు. మోకాలు పటుక్కుమన్న చప్పుడు కిటికీ బయటికి కూడా వినపడి ఉంటుంది.

"సార్, ఎందుకు సార్..." అని సుష్మిత గాభరాపడి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"తప్పు నాదమ్మా. కూర్చున్నచోట నుంచి కదలకుండా నీకు ఎనిమిదిచ్చా. పైగా పొగరన్నా. కాలు పెట్టు."

ఆ పిల్ల బూటు విప్పింది. లోపలినుంచి పేలికలు జారి పడ్డాయి. వాటిల్లో ఒకటి గురవయ్య పాత లుంగీ ముక్క. గురవయ్య దాన్ని గుర్తుపట్టాడు. సుష్మిత నాపరాయి మీద పాదం మోపింది. రామాంజి ఒక చేత్తో మడమ కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పాదం చుట్టూ సుద్దతో గీత గీశాడు. తర్వాత ఆ గీత పక్కన బూటు పెట్టాడు. పెదకోటయ్య కూడా మెడ చాచి చూశాడు.

"అబ్బో. ఇది బూటా, పడవా?" అన్నాడు నాసరయ్య, విజిల్ సంగతి మరిచిపోయి.

మేడం స్కేలు పెట్టి కొలిచి, కిట్టుతో వచ్చిన సైజుల పట్టీ చూసి, అసలు సైజు చెప్పింది. రామాంజి తల ఊపాడు. ఇక లేద్దామనుకున్నాడు. మోకాలు లేవలేదు. ఆయన అటు ఒరిగి చూశాడు, ఇటు ఒరిగి చూశాడు. సరిగ్గా ఆ సమయానికి కిటికీల దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళు తలలు దూర్చారు. వాళ్ళకు కనపడింది ఏమిటంటే, మాస్టారు నేలమీద ఉన్నాడు, చేతులు ఆ పిల్ల పాదం దగ్గర ఉన్నాయి, పైకి లేవడం లేదు.

"సార్, నాదీ కొలవండి" అంది ఒక గొంతు. పవన్‌ది.

"నీదెందుకురా?" అన్నాడు పెదకోటయ్య.

పవన్ ఒక కాలు ముందుకు పెట్టాడు. బూటు వెనక భాగం తొక్కేసి, చెప్పులా చేసుకుని ఉన్నాడు. మడమ మొత్తం బయటే ఉంది. మనిషి పొట్టి గానీ పాదం పొడుగు.

"అయిదిచ్చారు తాతా. వేళ్ళు పట్టట్లా. రాత్రిళ్ళు మంటలు."

"మరి చెప్పొద్దా? నేను కొనిపెట్టనూ?"

"గవర్నమెంటు బూట్లే ఏస్తాడని మైకులో చెప్పింది నువ్వేగా. కొంటే పరువు పోద్దనీ..."

పెదకోటయ్య కిటికీ వైపు చూశాడు. పడమటి కిటికీ ముఖాలన్నీ వెలిగిపోతున్నాయి. ఆయన దగ్గుతూ పై పంచె సర్దుకున్నాడు.

"దాని కాళ్ళకి అంత పెద్దయి, నాకేమో ఇయ్యి. చూసినప్పుడల్లా మండేది సార్. అందుకే అన్నా" అన్నాడు పవన్. తర్వాత సుష్మిత వైపు చూడకుండా, నేలమీది సుద్దగీతకు చెబుతున్నట్టు, "ఇంకెప్పుడూ ట్రాక్టరనను" అన్నాడు.

"అంటే మళ్ళీ పోస్తా" అంది సుష్మిత. మేడం కళ్ళజోడు మీంచి చూసేసరికి, "పొయ్యను మేడం. చొక్కా ఉతికిస్తా" అని దిద్దుకుంది.

"చొక్కా ఉతికేశారులే. బూట్లియ్యి" అన్నాడు పవన్.

అవే అటూ ఇటూ మారాయి. ఎనిమిది పవన్‌కు కాస్త వదులు. అయిదు సుష్మితకు కాస్త వదులు, సాక్సు వేస్తే సరిపోతుంది. పేలికలు కుక్కాల్సిన పని లేదు. ఆ వారమంతా జావ పంచడానికి బకెట్టు తానే మోస్తానని పవన్ అన్నాడు. "మా వంశంలో ఎవరూ..." అని పెదకోటయ్య అనబోయి, విజిల్ ఎవరి దగ్గరుందోనని వెతుక్కుని, మానుకున్నాడు.

విజిల్ చివరికి గురవయ్య దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, "నాకు మాట్లాడ్డం రాదు సార్" అన్నాడు. కూతురి వైపు చూసి, "నిన్న నేనడిగింది... అది వద్దులే సార్. రేపు పొద్దున పిల్ల గ్రౌండుకి వస్తది. రాకపోతే నేనే తీసుకొచ్చి దించుతా" అన్నాడు.

"అది సరేగానీ, ముందు నన్ను లేపండయ్యా" అన్నాడు రామాంజి.

సుష్మిత ఒక రెక్క, పవన్ ఒక రెక్క పట్టుకుని లేపారు. కిటికీల్లోంచి చప్పట్లు వినపడ్డాయి. ఎందుకు కొడుతున్నారో కొట్టేవాళ్ళకు కూడా స్పష్టంగా తెలియదు.

పెదకోటయ్య బయటికి వచ్చి తన మనుషులతో, "అయిపోయింది. మన మాటే నెగ్గింది" అన్నాడు. నాసరయ్య ఇటుపక్కకు వచ్చి తన మనుషులతో అదే మాట అన్నాడు. ఎవరి ట్రాక్టర్ వాళ్ళెక్కి వెళ్ళిపోయారు. టెంట్ హౌస్‌వాడు మాత్రం కుర్చీల అద్దె ఎవరిస్తారని చీకటిపడేదాకా బడిలోనే తిరిగాడు.

రాత్రి రామాంజి మోకాలికి కాపడం పెడుతూ ప్రసన్న అడిగింది, "కాళ్ళు పట్టుకున్నారంటగా? మా అక్క నరసరావుపేట నుంచి ఫోన్ చేసింది. ఏడ్చారంటగా?"

"కళ్ళనీళ్ళొచ్చిన మాట నిజమేలే. మోకాలు పట్టేసింది."

"ఇరవై ఏళ్ళకి ఒకరి మాట విన్నారు. ఉల్లిపాయలు తెచ్చారా?"

తెచ్చాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన ఎక్కడికి వెళ్ళినా ఇదే అడిగేవాళ్ళు. వినుకొండ బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన కూడా అడిగాడు. "నిజమేనా మాస్టారూ, ఆ పిల్ల కాళ్ళు పట్టుకున్నారంట?" రామాంజి పట్టుకున్నానన్నాడు. ముసలాయన తృప్తిగా తల ఊపి, ఎందుకని అడగకుండానే దిగిపోయాడు.

సుష్మిత పాదం సైజు నాలుగు.